ఉస్తా వహ్బా కొలత

కైరో పక్కన మా హెల్వాన్‌లో చేతిపని తెలిసిన ప్రతివాణ్నీ ఉస్తా అనే పిలుస్తారు. బస్సు నడిపేవాడూ ఉస్తాయే, పంపులు బిగించేవాడూ ఉస్తాయే. కానీ గుట్ట మీద మా అబ్జర్వేటరీలో ఉత్తినే ‘ఉస్తా’ అంటే ఒక్కడే మనిషి. వహ్బా.

నేను అక్కడ లైబ్రరీలో ముప్ఫై ఆరేళ్లు పనిచేశాను. నా పేరు ఇజ్లాల్. మా రెండు కుటుంబాలూ ఒకే భవనంలో ఉండేవి. వాళ్లది మూడో అంతస్తు, మాది రెండు. కాబట్టి ఆయన గురించి నేను చెప్పేదాంట్లో సగం కళ్లతో చూసింది, సగం మెట్ల మీద విన్నది.

పొట్టి మనిషి. సోడాబుడ్డి కళ్లద్దాలు. ఫ్యాక్టరీలో లేతు మీద పనిచేస్తూ ఇరవై రెండేళ్లకే మా దగ్గరికి వచ్చాడు. దూరదర్శినిలో ఏ మరచుట్టు వదులైనా, ఏ మోటారు మూలిగినా ఆయన దగ్గరికే పరుగెత్తాలి. ‘సుమారుగా’ అనే మాట ఆయన నోట రాదు. "ఉస్తా, ఈ ఇనుపముక్క ఎంత పొడవుంటుందంటారు?" అని అడిగితే, "అనడమేంటి? ఇలా ఇవ్వు, కొలిచి చెప్తా" అనేవాడు. పెళ్లిచూపుల్లో కూడా అమ్మాయి ఎత్తు కొలిచి ఉంటాడని మేం ఆటపట్టించేవాళ్లం. వాళ్లావిడ ఫిర్‌దౌస్, "కొలవలేదులే. కొలిచుంటే వద్దనేవాడు, నేను ఆయనకంటే రెండు వేళ్లు ఎత్తు" అని నవ్వేది.

ఇన్సాఫ్ మా దగ్గరికి వచ్చింది ఎనభై ఒకటిలో. తంతా ఊరి పిల్ల. వాళ్ల నాన్న రైల్వేలో సిగ్నళ్లు చూసేవాడు. డాక్టరేట్ కోసం డాక్టర్ బహ్‌జత్ దగ్గర చేరింది. ఆయన మా పెద్దసారు. ఇంగ్లండులో చదివొచ్చాడు. గుట్టకి దూరంగా ఎడారిలో మా పెద్ద దూరదర్శిని నిలబెట్టడానికి సగం ఆయుష్షు ధారపోసిన మనిషి. ఆయన్ని చెడ్డవాడని చెప్పడానికి నాకు నోరు రాదు. ఇప్పటికీ రాదు.

ఇన్సాఫ్ పట్టుకున్న విషయం ముసలి నక్షత్రాలు. వయసు మళ్లాక కొన్ని నక్షత్రాలు ఉబ్బిపోయి, చల్లబడి, ఎర్రబడతాయి. వాటి ఒంట్లోంచి గాలిలా పదార్థం బయటికి పోతూ ఉంటుంది. ఆ గాలిని తోసేది ఏమిటన్నది ఆమె ప్రశ్న. మధ్యాహ్నం మేం ముగ్గురం వర్క్‌షాపు పక్కన నీడలో కూర్చుని ఫూల్ అనే చిక్కుడు గింజల ముద్ద పెట్టిన రొట్టెలు తింటుంటే ఈ కబుర్లే నడిచేవి.

"ఏం తల్లీ, నీ ముసలమ్మ ఎలా ఉంది?" అనేవాడు వహ్బా.

"చిక్కిపోతోంది అన్నా. మూడేళ్లకోసారి మన భూమంత బరువు ఊడిపోతోంది."

"అమ్మో! తోసేదెవరు?"

"వెలుగే తోస్తుందంటారు. నక్షత్రం ఏడాదికోసారి ఊపిరి పీల్చి వదిలినట్టు ఉబ్బుతుంది, తగ్గుతుంది. ఆ ఊపుకి పైపొర ఎగిరి దూరం పోతుంది. అక్కడ చల్లగా ఉంటుంది కాబట్టి ఆవిరి గడ్డకట్టి సన్నటి రేణువులవుతాయి. నక్షత్రపు వెలుగు ఆ రేణువుల్ని తోస్తుంది. రేణువులు చుట్టూ ఉన్న వాయువుని లాక్కుపోతాయి. సాయంత్రం రైల్లో తలుపు పట్టుకున్నవాణ్ని పట్టుకుని ఇంకో నలుగురు వేలాడరూ? అలా."

"మరింకేం? తేలిపోయిందిగా."

"ఏం తేలింది! మసి రేణువులుండే నక్షత్రాల సంగతి సరే. నా నక్షత్రంలో ఉండేది ఇసుకలాంటి రేణువులు. వాటిలో ఇనుముంటే నల్లగా ఉంటాయి, వెలుగుని మింగుతాయి. మింగితే వేడెక్కి, నక్షత్రానికి అంత దగ్గర్లో కరిగిపోతాయి. ఇనుము లేకపోతే గాజు ముక్కల్లా ఉంటాయి. వెలుగు వాటిలోంచి దూరిపోతుంది, తోయనే తోయదు. ఇప్పుడు చెప్పు, తోసేదెవరు?"

వహ్బా రొట్టె నమలడం ఆపేశాడు. "గాజు ముక్క కొంచెం పెద్దదైతే?" అన్నాడు.

ఇన్సాఫ్ ఆయన మోకాలి మీద ఒక్కటి చరిచింది. "అన్నా, నువ్వు నా సీటులో కూర్చో, నేను నీ లేతు తిప్పుకుంటా! అదే నేను అనుకునేది. రేణువు పెరిగి వెలుగు అలల సైజుకి దగ్గరైతే, వెలుగుని మింగదు, చెదరగొడుతుంది. పక్కలకి విసిరేస్తుంది. ఆ దెబ్బకి తను బయటికి కదులుతుంది. వేడెక్కదు, కరగదు."

"బంతి గోడకి తగిలితే గోడకీ దెబ్బే" అన్నాడు వహ్బా, పెద్ద సంగతేం కాదన్నట్టు. కానీ ఆ రోజంతా ఆయన మొహం వెలిగిపోతూనే ఉంది.

చెదిరిన వెలుగు ఒక దిక్కుకి వాలి ఊగుతుందట. ఆ వాలు కొలిచే పెట్టె ఒకటి కావాలి. పెట్టెలో ఒక పలక నెమ్మదిగా తిరగాలి. దాన్ని తిప్పే గేరు బయటినుంచి తెప్పించే దారి లేదు. వహ్బా తనే కోశాడు. నూట ఎనభై పళ్లు. మూడు నెలలు పట్టింది. ఒక పన్ను నచ్చక మొత్తం చక్రం పారేసి మళ్లీ మొదలుపెట్టాడు. ఆ రోజు ఫిర్‌దౌస్ మా ఇంటికొచ్చి, "ఈయన గేరుని పెళ్లి చేసుకున్నా బాగుండేది, నేను పుట్టింట్లో సుఖంగా ఉండేదాన్ని" అంది.

ఎనభై మూడు వసంతానికి ఇన్సాఫ్ చేతికి ఫలితం వచ్చింది. రేణువులు మరీ సన్నవైతే ఆ వాలు నీలి వెలుగులో బాగా కనిపించి, ఎరుపులో పడిపోవాలి. ఆమె అంకెల్లో ఎరుపులోనూ గట్టిగా ఉంది. అంటే రేణువులు పెద్దవి. అనుకున్నదే.

దాంట్లో ఒక్కటే లొసుగు. నీలి గాజు పెట్టినప్పుడు పలక ఒక దిశలో తిరిగేది, ఎర్ర గాజు పెట్టినప్పుడు ఎదురు దిశలో. గేరు పళ్ల మధ్య ఏమాత్రం లూజున్నా, తప్పు పడేది ఎరుపు అంకెల మీదే. పెట్టె సరిగా ఉందని చూపించడానికి ఏ వాలూ లేని మామూలు నక్షత్రాన్ని కూడా కొలవాలి. నీలంలో కొలిచింది. ఎరుపులో కొలవబోయే వారం ఖమ్‌సీన్ ఇసుకగాలి లేచింది. ఆకాశం ఇటుక రంగుకి మారి, పది రోజులు గోపురం తలుపు తెరవలేదు. తర్వాత దూరదర్శిని వంతు వేరేవాళ్లదైంది.

డాక్టర్ బహ్‌జత్ అప్పటికే నల్ల రేణువులే తోస్తాయని రెండు వ్యాసాలు రాసున్నాడు. ఆకులు రాలే కాలంలో బయటిదేశంలో పెద్ద సభ ఉంది. అక్కడ మూడో వ్యాసం చదవాలి. తన శిష్యురాలి అంకెలే తనకి ఎదురు తిరిగాయి. ఒక పొద్దున వహ్బాని గదికి పిలిపించాడు. నేను పక్క గదిలో కాగితాలు సర్దుతున్నాను, తలుపు తెరిచే ఉంది.

"కూర్చో వహ్బా. టీ తాగు. ఆ గేరు నువ్వే కోశావుగా?"

"నేనే సార్."

"చేత్తో కోసినదాంట్లో అస్సలు లూజు ఉండదని ప్రమాణం చేసి చెప్పగలవా?"

"ప్రమాణమెందుకు సార్. పెట్టె విప్పి కొలిచి చెప్తా. ఒక్క రోజు పని."

"ఇప్పుడు విప్పొద్దు. వచ్చే నెల అతిథులొస్తున్నారు, వాళ్లకి చూపించాలి. నేనడిగేది అది కాదు. ఉండే అవకాశం ఉందా, లేదా?"

టీ గ్లాసులో చెంచా తిరిగింది.

"ఉండొచ్చు సార్" అన్నాడు వహ్బా.

"అంతే. ఆ ముక్కే రాసివ్వు."

ఆ రెండు వాక్యాలు టైపు చేసింది నేనే. ‘ఎర్ర గాజుతో రీడింగులు తీసే దిశలో గేరు లూజు ఉండొచ్చు. కనుక ఆ రీడింగులు నమ్మదగినవని చెప్పలేం.’ కింద వహ్బా సంతకం. లాగ్ బుక్కులో కూడా ఆయన చేతే రాయించారు.

ఆ సాయంత్రం ఇన్సాఫ్ వర్క్‌షాపుకి వెళ్లింది. "అన్నా, ఒక్కసారి గేజి పెట్టి చూడు. లూజుంటే నా ఖర్మ, ఒప్పుకుంటా. లేకపోతే ఆ ముక్క రాసిస్తే చాలు."

"చూస్తాలే తల్లీ. రేపు."

మర్నాడు అడిగితే లేతు దగ్గర పనుందన్నాడు. ఆ మర్నాడు సెలవు పెట్టాడు. జీవితంలో ఆయన పెట్టిన మూడో సెలవేమో అది.

డాక్టరేట్ కమిటీ కూర్చుంది. పెద్దలు కాగితం చదివి తలలూపారు. ఇన్సాఫ్ ఒక్కసారి వహ్బా వైపు చూసిందట. ఆయన బూటు ముక్కుకి అంటిన గ్రీజు తుడుచుకుంటూ కూర్చున్నాడట. రెండేళ్ల అంకెలు పక్కన పెట్టి, వేరే విషయంతో మొదటినుంచీ మొదలుపెట్టమన్నారు. వారం తిరక్కుండా ఆమె రాజీనామా ఇచ్చేసింది. తంతాలో ఆడపిల్లల బడిలో టీచరు ఉద్యోగం దొరికింది.

వెళ్లేముందు లైబ్రరీ పుస్తకాలు తిరిగివ్వడానికి వచ్చింది. ఏడ్చి ఉంటుంది, కళ్లు వాచి ఉన్నాయి. నాకు ఏం చెప్పాలో తెలియక, "బహ్‌జత్ గారిది అన్యాయం" అన్నాను.

"కాదు ఇజ్లాల్" అంది. "వహ్బా అన్న లూజుందన్నాడంటే ఉండే ఉంటుంది. ఆయన కొలవకుండా ఒక్క మాట అనడు. నేనే తొందరపడ్డాను."

నేను పక్క గదిలో విన్నది చెప్పలేదు. ఉద్యోగం పోతుందన్న భయమా, పెద్దసారు మీద గౌరవమా, ఏదైతేనేం. చెప్పలేదు.

కానీ ఆమె అన్న మాట ఆ సాయంత్రం మెట్ల దగ్గర వహ్బాకి చెప్పాను. ఆయన చేతిలో ముల్లంగి కట్ట ఉంది. కింద పెట్టేసి మెట్టు మీద కూర్చుండిపోయాడు. "అలా అందా?" అని రెండుసార్లు అడిగాడు.

మర్నాడు అతిథులనీ లేదు, అనుమతనీ లేదు, పెట్టె విప్పేశాడు. పన్నెండు చోట్ల గేజి పెట్టి కొలిచాడు. ఇన్సాఫ్ అంకెలు చెడిపోవాలంటే ఎంత లూజుండాలో, అందులో నూరో వంతు కూడా లేదు. ఒక కాగితం మీద పన్నెండు అంకెలూ రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాడు. పెట్టి, తన సామాన్ల డబ్బాలో దాచేశాడు.

ఆ సంగతి నాకు ఇరవై తొమ్మిదేళ్ల దాకా తెలియదు.

రెండువేల పన్నెండు నాటికి డాక్టర్ బహ్‌జత్ పోయి చాలా ఏళ్లయింది. వహ్బా పదవీ విరమణ చేసి, బాల్కనీలో కూర్చుని చుట్టుపక్కల వాళ్ల ఫ్యాన్లు, గ్రైండర్లు బాగుచేస్తూ ఉండేవాడు. ఫిర్‌దౌస్ అంతకు ముందు ఏడాదే పోయింది. ఒకరోజు లైబ్రరీకి వచ్చిన పత్రికలో ఒక వ్యాసం నా కంటబడింది. చిలీలో పెద్ద దూరదర్శినితో ఎర్రటి ముసలి నక్షత్రాల్ని చూశారట. వాటికి బాగా దగ్గర్లో పెద్ద రేణువులు దొరికాయట. వెలుగుని మింగకుండా చెదరగొట్టే రేణువులు. గాలిని తోసేది ఆ చెదిరే వెలుగేనని నాలుగేళ్ల ముందు ఎవరో లెక్కగట్టి చెప్పారు, ఇప్పుడు కంటికి దొరికింది అని రాశారు. నిలబడే రెండుసార్లు చదివాను. ఆ కాగితం పట్టుకుని సాయంత్రం మూడో అంతస్తుకి ఎక్కాను.

చదివి, అరబీలో చెప్పాను. ఆయన చేతిలో ఫ్యాన్ రెక్క ఉంది. విన్నంతసేపూ దాన్ని తుడుస్తూనే ఉన్నాడు. తర్వాత లోపలికి వెళ్లి ఒక రేకు డబ్బా తెచ్చి, అడుగునుంచి పసుపు రంగుకి తిరిగిన కాగితం తీశాడు.

"ఇదేంటన్నా?"

"చెల్లీ, నేను అప్పుడే కొలిచాను."

నాకు ఒళ్లు మండిపోయింది. "కొలిచి? కొలిచి ఊరుకున్నావా?"

"సారు సభకి వెళ్లాడు. వచ్చాక చెబుదామనుకున్నా. వచ్చాక జ్వరంతో పడుకున్నాడు. లేచాక చెబుదామనుకున్నా. తర్వాత పండగొచ్చింది. పండగ వెళ్లాక... ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడుగుతాడుగా, దానికి ఏం చెప్పను? అలా ఆరు నెలలయింది. ఆరు నెలలయ్యాక, ఆరేళ్లవడం కష్టమేం కాదు."

"ఆమె దగ్గరికైనా వెళ్లాల్సింది."

"ఏ మొహంతో?"

ఆయన్ని అంతకంటే తిట్టే హక్కు నాకు లేదు. నేనూ విన్నదాన్నే, నేనూ టైపు కొట్టినదాన్నే. "శుక్రవారం తంతా వెళ్దాం పద" అన్నాను.

ఇన్సాఫ్‌కి యాభై ఆరేళ్లు. బడికి హెడ్మిస్ట్రెస్ అయింది. భర్త పోయాడు, కూతురు అలెగ్జాండ్రియాలో ఉంది. నన్ను తలుపు దగ్గరే గుర్తుపట్టి కౌగిలించుకుంది. వహ్బాని చూసి, "అన్నా! ఎంత ముసలాడివైపోయావు" అని నవ్వింది. వేయించిన శనగలూ, శనగ మిఠాయీ తెచ్చి పెట్టింది. ములూఖియా ఆకుకూర వండుతున్నా, తినకుండా కదలనివ్వనంది. వహ్బా శనగ ఒకటి చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

నేను పత్రిక కాగితం ఇచ్చాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని, బడిపిల్ల జవాబు దిద్దుతున్నట్టు వేలు పెట్టి చదివింది. చివర్లో వేలు ఒక అంకె దగ్గర ఆగింది.

"మైక్రానులో పదింట మూడొంతులు" అంది. అంటే వెంట్రుక మందంలో రెండు వందలో వంతు కంటే తక్కువే. "నేను నాలుగొంతులు అనుకున్నాను. దగ్గరికే వచ్చానన్నమాట." "కానీ నా గేరు లూజు. తప్పు దారిలో వెళ్లి సరైన ఇంటి తలుపు కొట్టాను. దాన్ని కనిపెట్టడం అనరు" అంది.

అప్పుడు వహ్బా రెండో కాగితం ఆమె ముందు పెట్టాడు. "లూజు లేదు తల్లీ."

ఆమె తేదీ చూసింది. అంకెలు చూసింది. సంతకం చూసింది. మళ్లీ తేదీ చూసింది. వంటింట్లో గిన్నె మూత టకటకా కొట్టుకుంటోంది, ఎవరం లేవలేదు.

"నేను వెళ్లిన వారమే" అంది.

"అవును."

"అన్నా, నేను ఇన్నేళ్లూ ఏమనుకున్నానో తెలుసా? నేను అజాగ్రత్త మనిషిననుకున్నాను. పెద్దసారు అంటే నమ్మకపోదును. నువ్వు రాసిచ్చావు కాబట్టి నమ్మాను. పిల్లలు ప్రయోగంలో ఒక్క అంకె తప్పు రాస్తే కాగితం చింపి మొహాన కొట్టేదాన్ని. ‘నాలా అవుతారే’ అని అరిచేదాన్ని. వాళ్లకి అర్థమయ్యేది కాదు. నా బడిలో పిల్లలకి నేనంటే భయం ఎందుకో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నా."

వహ్బా ఏడుస్తున్నాడు. "తల్లీ, నీ నోట్‌బుక్కులుంటే, నేను ఇది జతచేసి, అబ్జర్వేటరీ వాళ్లతో మాట్లాడి..."

"లేవు. కూతురు పుట్టిన ఏడాది ఇల్లు మారాం. తప్పు అంకెలెందుకని పాత కాగితాలవాడికి ఇచ్చేశాను. అంగట్లో వాటిలో గింజలు పొట్లాలు కట్టి ఉంటారు."

మా దగ్గర ఉండాల్సిన నకళ్లు కూడా, స్టోరు గదిలో నీళ్లు చేరిన ఏడాది, తడిసి పోయాయని నాకు తెలుసు. చెప్పక తప్పలేదు. చెప్పాను.

ఇన్సాఫ్ ఆ గేరు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి వహ్బా వైపు జరిపింది. "ఇది నాకెందుకు తెచ్చావన్నా? నాకోసమా, నీకోసమా?"

ఆమె లేచి వంటింట్లోకి వెళ్లింది. ములూఖియా అడుగంటింది, అయినా వడ్డించింది. తిన్నాం. అమ్మాయి పెళ్లి గురించీ, రైళ్ల గురించీ మాట్లాడింది. బయల్దేరేటప్పుడు నన్ను కౌగిలించుకుంది. ఆయనకి "క్షేమంగా వెళ్లు ఉస్తా" అంది. అంతకు ముందెప్పుడూ ఆమె ఆయన్ని ఉస్తా అని పిలవలేదు, అన్నా అనే అనేది.

ఆ తర్వాతి వారం ఎడారి దారిలో మా అబ్జర్వేటరీ బస్సెక్కి దూరదర్శిని దగ్గరికి వచ్చాడు. ఎనభై మూడు నాటి లాగ్ బుక్కు ఒక్కటే ఎలాగో మిగిలింది, పై అరలో ఉండబట్టి. తను రాసిన ‘ఉండొచ్చు’ పక్కన కొత్త ఇంకుతో ఇలా రాశాడు: ‘కొలిచాను. లూజు లేదు. కొలిచిన సంగతి దాచాను. ఇన్సాఫ్ రీడింగులు సరైనవి.’ కింద పన్నెండు అంకెలు. ఏడో అంకె కొట్టేసి మళ్లీ రాశాడు. ఇప్పటి డైరెక్టరుగారు మర్యాదగా టీ ఇప్పించి, "చాలా మంచిపని చేశారు పెద్దాయనా" అని, పుస్తకం తిరిగి అరలో పెట్టించారు. అసలు రీడింగులే లేనప్పుడు వాళ్లు మాత్రం చేయగలిగింది ఏముంది?

ఆ పేజీ ఫోటో తీయించి తంతాకి రిజిస్టరు పోస్టులో పంపాడు. అందినట్టు సంతకంతో కార్డు తిరిగొచ్చింది. ఉత్తరం రాలేదు. ఆ కార్డుని కొన్నాళ్లు చొక్కా జేబులోనే పెట్టుకు తిరిగాడు. నన్ను మెట్ల మీద చూసినప్పుడల్లా, "పిల్ల సంతకం మారలేదు చెల్లీ" అనేవాడు.

రెండువేల పదహారు చలికాలంలో వహ్బా పోయాడు. గుండె. మూడో రోజు సంతాపానికి ముందు నేను ఇన్సాఫ్‌కి ఫోన్ చేశాను. విని, "దేవుడు కరుణించాలి" అంది.

"చివర్లో బాధపడ్డాడా?" అని అడిగింది.

జబ్బు గురించి అడుగుతోందో, మరోదాని గురించో నాకు తెలియలేదు. "పడ్డాడు" అన్నాను.

"నేను ఒక్క ముక్క రాయాల్సింది ఇజ్లాల్. రాద్దామనే కూర్చునేదాన్ని. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం..." తలుపు దగ్గర ఎవరో వచ్చారనీ, మళ్లీ చేస్తాననీ పెట్టేసింది.

చేయలేదు. నేనూ చేయలేదు.